దేవుడి పెట్ట కింది గుడ్లు

కంటికి కనపడని చీకట్లో, చూసేవాళ్ళూ మెచ్చుకునేవాళ్ళూ లేనిచోట, ఇంత చిన్న గుండెకు మొదటిసారి కొట్టుకోవడం నేర్పిన దేవునికి స్తోత్రం. చెయ్యి రాకముందే చేతికి చోటు చూసి, చూపు రాకముందే కంటికి గుంట తవ్విన ఆ వేళ్ళకు స్తోత్రం. ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్ళు ఆయుష్షిచ్చాడు, మతి చెడకుండా ఉంచాడు, అందుకూ స్తోత్రం. (మతి సంగతి మా కోడలు ఒప్పుకోదు. అది వేరే విషయం.)

ఆ రోజుల్లో మాకు దేవుడంటే ప్రేమ, దేవుడి పేరు చెప్పే పెద్దలంటే భయం. ఆ రెండూ ఒకటేననుకుని చాలా ఏళ్ళు బతికాను. స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. కిరసనాయిలుకీ బట్టలకీ ఇంకా కటకటే. నైజాం వైపు గొడవలకి తాళలేక జనం మూటలు నెత్తిన పెట్టుకుని గరికపాడు దారిన జగ్గయ్యపేటకు నడిచొస్తున్నారు. నేను గుంటూరులో ఇంటరు ప్యాసై, జగ్గయ్యపేట మిషను ఆడపిల్లల బడిలో టెంపరరీ పంతులమ్మగా చేరాను. మా నాన్న నందిగామలో బడిపంతులు. ఆయన అక్క, మా అత్తయ్య, జగ్గయ్యపేటలో ఒంటరిగా ఉండేది. భర్త పోయాక పల్లెలు తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పడం ఆవిడ పని. నేనున్నది ఆవిడ దగ్గరే. బడిలో నాకిచ్చిన సబ్జెక్టు ప్రకృతి శాస్త్రం. దానికి బడిలో ఉన్న సామగ్రి అంతా కలిపి గోడకు వేలాడే ఒక మనిషి బొమ్మ. అందులో ఊపిరితిత్తుల్ని చెదలు తినేశాయి. మిగిలిన భాగాలతోనే శరీర నిర్మాణం చెప్పేదాన్ని. పిల్లలు మాత్రం మనిషికి ఊపిరి తీసుకోను ప్రత్యేకంగా ఏమీ ఉండదనే అనుకునేవాళ్ళు.

ఆ సంవత్సరమే బడి చూసే దొరసాని గారు ఒక కబురు తెచ్చారు. మద్రాసులో ఒక ఆడపిల్లను డాక్టరు చదివించడానికి మిషను ఖర్చు పెట్టుకుంటుంది. కానీ ఆ పిల్ల నడవడి మంచిదని స్థానిక సంఘ పెద్దలు ఒప్పుకోవాలి. అప్పటికి బెజవాడ దాటాక మా రోడ్డు పొడుగునా ఆడ డాక్టరన్న మాటే లేదు. ఇంటరు ప్యాసైన ఆడపిల్ల మా సంఘంలో నేనొక్కదాన్నే. ఇంకేముంది, పని అయిపోయినట్టే అనుకున్నారు అందరూ. నందిగామలో మా నాన్న అప్పుడే నాకోసం పాత ట్రంకుపెట్టెకు ఆకుపచ్చ రంగు వేయించాడు. నేను రోజూ పడుకునేముందు మోకాళ్ళ మీద ప్రార్థించేదాన్ని. ఆ ప్రార్థనలో కృతజ్ఞత ముందు, మనవి వెనక వచ్చేది. దేవుడు ఇచ్చేశాడన్నంత ధీమా. కోత పండుగనాడు భోజనాలయ్యాక పెద్దలు కూర్చుని ఆ సంగతి తేలుస్తారని అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ముందే చెప్పారు.

పండుగకు ముందు వారం బడిలో గుడ్డులోంచి పిల్ల ఎలా తయారవుతుందన్న పాఠం వచ్చింది. పుస్తకంలో బొమ్మ ఉంది కానీ అది చూస్తే వంకాయనుకుంటారు. కాలేజీలో మా మేడం గుడ్డు పెంకు మీద చిన్న కిటికీ తెరిచి లోపలి గుండె చూపించిన రోజు నేను ఏడ్చాను, భయంతో కాదు, భక్తితో. అదే మా పిల్లలకూ చూపించాలని పట్టుబట్టాను.

"అత్తయ్యా, పొదిగే పెట్ట ఒకటి కావాలి."

"ఎందుకే? డాక్టరు చదువు మానేసి కోళ్ళ యాపారం పెడతావా?"

"గుడ్డులో పిల్ల ఎట్టా తయారయిద్దో పిల్లలకి చూపించాలి."

"పిల్లయినాక చూపిచ్చు. ముద్దుగా ఉంటది."

"కాకముందే చూడాలత్తయ్యా. అదే పాఠం."

అత్తయ్య నన్ను జాలిగా చూసింది. "ఇప్పుడు పొదుగుడికొచ్చింది దేవుడి పెట్ట ఒక్కటే. దాని కింద ఏది పెట్టినా దేవుడిదే అయిద్ది. తెలుసుగా?"

"తెలుసులే" అన్నాను.

ఇక్కడ మీకు దేవుడి పెట్ట సంగతి చెప్పాలి. మా సంఘంలో ప్రతి ఇంట్లోనూ ఒక కోడిపెట్టను దేవుడికని మొక్కి వదిలేవాళ్ళు. దాని గుడ్లు ఇంట్లో ఎవరూ తినరు, అది పొదిగిన పిల్లల్ని అమ్ముకోరు. అన్నీ దాచి కోత పండుగనాడు గుడికి పట్టుకెళతారు. ఆ పెట్టకు ఇంట్లో ఉండే దర్జా వేరు. గింజల్లో మొదటి గుప్పెడు దానిదే. మంచమెక్కినా ఎవరూ తోలరు. అత్తయ్య అన్న మాట నాకు భక్తి కొద్దీ అన్న మాటలా వినపడింది. మా అత్తయ్య అలాంటి మాటలు ఊరికే అనదని, ఆవిడ లెక్కలో అది కచ్చితమైన షరతని నేను గ్రహించి ఉంటే, బహుశా ఈ కథ రాస్తున్న చేతులు వేరే పని చేసి ఉండేవి. నేను బజారులో గుడ్లు కొనుక్కొచ్చి బుధవారం దాని కింద పెట్టాను. సోమవారం నాటికి సరిగ్గా పాఠానికి అందుతాయని లెక్క.

ఆదివారం కోత పండుగ. గుడికి జొన్నకంకుల తోరణాలు కట్టడానికి నేను తెల్లవారగానే వెళ్ళిపోయాను. ఆ రోజు గుడిలో జరిగే వేలంపాట చూడనివాళ్ళకు చెబితే నమ్మరు. తొలి పంటలో తెచ్చిన జొన్నలు, ఎండుమిరపకాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు, అన్నీ ప్రార్థన అయ్యాక పాటకు పెడతారు. పాడుకున్నవాడు ఆ గుమ్మడికాయను ఇంటికి పట్టుకెళ్ళకుండా మళ్ళీ దేవుడికే ఇస్తాడు, మళ్ళీ పాట. సాయంత్రానికి ఆ గుమ్మడికాయ ఊళ్ళో అందరి సొత్తూ అయి, ఎవరి కూరలోకీ పోకుండా మిగిలేది. వేలం నడిపేది కాటా పెద్దాయన. మిరపకాయల కొట్లో కాటా వేసే ఉద్యోగం కాబట్టి ఆ పేరు. సంఘ పెద్దల్లో ఆయన మాటే ఆఖరు. ఆయన కంటికి ప్రపంచమంతా సరుకే. ఒక రకం ఒకచోట, ఇంకో రకం ఇంకోచోట ఉండాలి.

క్వైరులో నిలబడి పాట మొదలుపెట్టబోతుంటే బల్ల మీద దేవుడి పెట్ట కనపడింది. కాళ్ళు కట్టేసి ఉన్నాయి. నన్ను కోపంగా చూస్తోంది. పక్క వరసలో ఉన్న అత్తయ్య వైపు వంగాను.

"గుడ్లేవి?"

"గంపతో సహా తెచ్చా. పొదిగే గుడ్లు, పెట్ట నుంచి విడదియ్యొద్దని పెద్దాయనకి చెప్పా."

"అవి నావి అత్తయ్యా!"

"దేవుడిది అయిద్దని చెప్పాగా. తెలుసన్నావు."

పాట మొదలైంది. నోరు స్తుతిస్తోంది, కళ్ళు గంప వెతుకుతున్నాయి. పాట అయ్యేసరికి కాటా పెద్దాయన కోళ్ళను కోళ్ళతో, గుడ్లను గుడ్లతో కలిపేసి సర్దేశాడు. దగ్గరికెళ్ళి, "పెద్దాయనా, ఆ గంపలో పొదిగిన గుడ్లు కలిశాయండి, తీసెయ్యాలి" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "దేవుడికిచ్చినదాంట్లో మంచీ చెడూ ఏరతావా అమ్మా? నీకేం తెలుసని?" అని, గుడ్ల గంపను తానే పాడుకుని, మధ్యాహ్నం దొరసాని గారి భోజనానికని అయ్యగారింటికి పంపించేశాడు.

నేను గంప వెనకే పరుగెత్తాను. అయ్యగారి భార్యను మేమంతా అమ్మగారనేవాళ్ళం. అప్పటికే అయిదుగురు బిడ్డల తల్లి. మళ్ళీ ఆరో నెల. పొయ్యి ముందు కూర్చుని దొరసాని గారికి అట్టు వెయ్యడానికి గిన్నెలోకి గుడ్లు కొడుతోంది. నేను గడప దాటుతుంటేనే కేక వినపడింది.

"అమ్మో, నెత్తురు! చచ్చింది, పారెయ్యి, పారెయ్యి!"

"పారెయ్యొద్దండి అమ్మగారూ!" అని గిన్నె లాక్కున్నాను. పచ్చసొన మీద, ఎండిన రావి ఆకులో మిగిలే ఈనెల్లాంటి ఎర్రటి గీతలు. మధ్యలో వంకర తిరిగిన చిన్న జీవి. నల్లటి చుక్కలాంటి కన్ను. కాలేజీలో మేడం చేసినట్టు, గోరువెచ్చటి నీళ్ళలో కాస్త ఉప్పు వేసి, దాన్ని పళ్ళెంలోకి జార్చాను. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత ఆవగింజంత ఎర్రటి చుక్క వణికింది. ఆగింది. మళ్ళీ వణికింది. ఇక ఆగలేదు.

"చూడండి. గుండె."

అమ్మగారు ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని నెమ్మదిగా వంగి చూసింది. అట్టు పెనం మీద మాడిపోతోంది. ఇద్దరికీ పట్టలేదు.

"ముక్కు కూడా రాలేదే ఇంకా" అంది. "గుండెకి ఏం తొందరొచ్చిందే?"

నా బుద్ధి గడ్డి తిన్నది అప్పుడే. ఇంత అద్భుతం చూసి ఒక్క ఆడమనిషి గొంతు అలా మెత్తబడితే, పెద్దలందరూ చూస్తే దేవుణ్ణి ఎంతగా మహిమపరుస్తారో అనుకున్నాను. భోజనాలయ్యాక వరండాలో సాక్ష్యాలు చెప్పుకోవడం మా ఆచారం. ఒక్కొక్కరే లేచి ఆ సంవత్సరం దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి. కాటా పెద్దాయన మిరపకాయల ధర నిలబెట్టినందుకు దేవుణ్ణి స్తుతించాడు. ఇంకొకాయన ఎద్దు కాలు బాగైనందుకు. నా వంతు రాగానే పళ్ళెం పట్టుకుని వరండాలోకి వచ్చాను. లోపల నిప్పుల దగ్గర పెట్టి ఉంచడం వల్ల గుండె ఇంకా కొట్టుకుంటోంది.

ఏం చెప్పానో ఇప్పటికీ గుర్తుంది. మొదట ఒక పలచటి పొర ఉంటుందని, అది మడతపడి గొట్టమవుతుందని, వీపు వెంట వెన్నుపూసల కోసం జంటజంటగా చిన్న దిమ్మలు లేస్తాయని, తలే ముందు పెద్దదవుతుందని చెప్పాను. చేపైనా, కోడైనా, మనిషైనా మొదట్లో దేవుడు ఒకే అచ్చులో మొదలుపెట్టి, తర్వాత ఎవరి రూపం వాళ్ళకిస్తాడని, ఆయన చేతిపని చూసి నోరు మూగబోతోందని అన్నాను. (మూగబోయి ఉంటే ఎంత బాగుండేది!)

కాటా పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అంటే ఏమంటావమ్మా? మనిషీ కోడీ ఒకటేనా?"

"ఒకటి కాదండి. మొదట్లో ఒకేలా కనపడతాం."

"ఆ వంకరగా ఉందే, అదేంటి?"

"తోకండి. మనకీ ఉంటుంది, తర్వాత పోతుంది."

"మనకా?"

"అందరికీనండి."

"అయ్యగారిక్కూడానా?"

నేను అయ్యగారి వైపు చూశాను. తెల్లటి అంగీ, మెడలో కండువా, ఒళ్ళో మూసిన గ్రంథం. అబద్ధమాడడం పాపమని నాకు చిన్నప్పుడు నేర్పింది ఆయనే. "అయ్యగారిక్కూడానండి" అన్నాను.

దొరసాని గారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అది నవ్వో దగ్గో నాకు తెలియదు. అప్పుడు తలుపు వెనకనుంచి అమ్మగారి గొంతు, భయంభయంగా: "నా కడుపులో బిడ్డకీనా?"

ఆవిణ్ణి ఊరడించాలన్న ఆత్రంలో గట్టిగా చెప్పాను: "మీకు ఆరో నెల కదండీ అమ్మగారూ, ఎప్పుడో పోయుంటది!"

ఆ రోజుల్లో నెలల మాట మగవాళ్ళ ఎదుట ఆడవాళ్ళు గుసగుసగా కూడా అనేవాళ్ళు కాదు. పెళ్ళికాని పిల్ల, సంఘ పెద్దల మధ్య, పాస్టరు గారి భార్య నెలల్ని వరండా అదిరేలా చెప్పింది. ఒకాయన చెప్పుల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు. పళ్ళెంలోకి చూశాను. నీళ్ళు చల్లబడిపోయాయి. చుక్క కదలడం లేదు.

పెద్దలు లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. ప్రార్థన చేస్తున్న శబ్దం వినపడింది, కాటా పెద్దాయన గొంతే ఎక్కువగా. నేను గిన్నెలు తోముతూ కూర్చున్నాను. చాలాసేపటికి అయ్యగారు పెరట్లోకొచ్చారు. మంచివాడే ఆయన. నా కళ్ళలోకి చూడలేకపోయారు.

"ప్రార్థించాం తల్లీ. ఈ ఏడు ఎవర్నీ పంపకపోవడమే ప్రభువు చిత్తంలాగా ఉంది."

"నేనేం తప్పు మాట్లాడానండి అయ్యగారూ?"

"తప్పని కాదమ్మా. ఇక్కడే ఇట్టా ఉంటే మద్రాసెళ్ళి ఏం నేర్చుకొస్తావోనని పెద్దల భయం."

దొరసాని గారు బండెక్కే ముందు నా భుజం మీద చెయ్యేసి, తన పుస్తకాల తెలుగులో, "నీ సాక్ష్యము చాలా సుందరముగా ఉండెను. కానీ సంఘము యొక్క నిర్ణయమును నేను దాటజాలను" అన్నారు. మెచ్చుకున్న ఆ నోటితోనే ఒక్క మాట ఎదురు చెప్పి ఉంటే అన్న ఆలోచన నాకు చాలా ఏళ్ళు నిద్రపట్టనివ్వలేదు. ఆ సీటు ఇంకెవరికీ పోలేదు. పోయి ఉంటే కొంత నయంగా ఉండేది, ఎవరినైనా చూసి అసూయపడి ఊరుకునేదాన్ని. ఖాళీగా పోయింది. తర్వాతి యేడు దొరసాని గారు వాళ్ళ దేశం వెళ్ళారు, మళ్ళీ రాలేదు. ప్రభువు చిత్తం పెద్దల నోట ఎప్పుడు బయటపడినా అది పెద్దల ఇష్టంలాగే ఉండడం నేను అప్పటినుంచే గమనించడం మొదలుపెట్టాను. ప్రభువు మీద నాకు కోపం రాలేదు. ఆయన సంతకాన్ని వాడుకునేవాళ్ళ మీద వచ్చింది. పోలేదు.

వేసవి వచ్చింది. బడి సెలవులకు మూసే ముందు ఒక మధ్యాహ్నం కాటా పెద్దాయన చెమటలు కక్కుకుంటూ క్లాసు గుమ్మంలో నిలబడ్డాడు.

"పంతులమ్మా, నువ్వు రావాలి. అమ్మగారికి నొప్పులు. అయ్యగారు చూస్తే ఊళ్ళో లేరు. నిన్నట్నుంచి పడతానే ఉంది, బిడ్డ అడ్డం తిరిగిందంట. మంత్రసాని చేతులెత్తేసింది. బెజవాడ తీసుకుపోదాం."

"నేనొచ్చి ఏం చేస్తానండి?"

"లోపలెట్టా ఉంటదో నీకే కదమ్మా తెలిసింది!"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నాకు తెలిసింది కోడిపిల్ల, అదీ నాలుగో రోజు వరకే. అయినా అత్తయ్యను వెంటబెట్టుకుని వెళ్ళాను. బొగ్గు గ్యాసుతో నడిచే ఆ బస్సు ఎత్తు వచ్చిన ప్రతిచోటా ఆగి దమ్ము తీసుకునేది. నందిగామ దాటింది. కంచికచర్ల చేరేసరికి అమ్మగారు ఇక తట్టుకోలేనంది. డ్రైవరు ఒక మిరపకాయల కొట్టు ముందు ఆపాడు. కొట్టు షావుకారు తల్లి మమ్మల్ని చూసి ఒక్క ప్రశ్న వెయ్యకుండా వెనక గది తలుపు తీసి, నీళ్ళు కాగబెట్టమని కేకేసింది. తర్వాత నా వైపు చూసి, "ఈ అమ్మాయి డాక్టరమ్మా?" అనడిగింది.

"కావాల్సిందమ్మా" అంది అత్తయ్య, కొంగు బిగించుకుంటూ. "కానియ్యలేదు."

అత్తయ్యా, ఆ పెద్దావిడా చెయ్యాల్సిందేదో చేశారు. నేను చేసింది అమ్మగారి చెయ్యి పట్టుకుని తలాపున కూర్చోవడం. ఆవిడ నా వేళ్ళు విరిగేట్టు పట్టుకుంది.

"చెప్పవే. ఆ రోజు చెప్పావుగా. లోపల దేవుడు ఏం చేస్తాడో చెప్పు."

చెప్పాను. పలచటి పొర మడతపడడం, పూసలు లేవడం, తొందరపడి కొట్టుకునే గుండె, తెడ్డుల్లా మొదలై వేళ్ళుగా విడిపోయే చేతులు. తెలిసింది అయిపోయాక తెలియనిదీ చెప్పాను, పుస్తకాల్లో చదివిందీ, మోకాళ్ళ మీద ఊహించుకున్నదీ. వరండాలో సగంలో ఆగిపోయిన నా సాక్ష్యం ఆ మిరపకాయల ఘాటులో, ఒక్క మనిషికి, ఆఖరిదాకా చెప్పగలిగాను. ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే ఏడవలేదు, తుమ్మింది. ఆ తర్వాత ఏడ్చింది. అమ్మగారు కళ్ళు కూడా తెరవకుండా, "వెనక చూశావా?" అనడిగింది.

"చూశానండి. నున్నగా ఉంది."

అత్తయ్యకు అర్థమై నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. షావుకారు తల్లికి మాత్రం అర్థంకాక, ఈ మతంవాళ్ళకి ఇదేదో ఆచారం కాబోలనుకుని, తనూ ఒకసారి బిడ్డను తిప్పి చూసింది.

బయటికొచ్చి కబురు చెప్పాను. కాటా పెద్దాయన అరుగు మీద కూలబడి కండువాతో మొహం తుడుచుకున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు. చేతులెత్తి స్తోత్రం చెప్పి, నా వైపు తిరిగి, మనసులో ఏ కల్మషమూ లేకుండా అన్నాడు: "చూశావా పంతులమ్మా, ఆడ డాక్టరు లేకపోతే ఎంత ఇబ్బందో! మన సంఘంలో ఒక్క ఆడపిల్లయినా ఆ చదువు చదవకపోయింది. ఎవళ్ళకీ ఆ బుద్ధి పుట్టకపాయె."

ఆయన వెక్కిరించడం లేదు. నిజంగానే మర్చిపోయాడు. వరండా, పళ్ళెం, తలుపేసుకుని చేసిన ప్రార్థన, ఏదీ ఆయనకు గుర్తులేదు. నాకు నోటిదాకా వచ్చింది. ఆయన చెమటా కన్నీళ్ళూ చూసి, "అవునండి పెద్దాయనా" అన్నాను.

తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ఊపిరితిత్తుల్లేని మనుషుల బొమ్మలతోనే పాఠాలు చెప్పాను. అయ్యగారి తోక కథ పెళ్ళిళ్ళలో, సంఘ కూడికల్లో అందరూ నాచేత చెప్పించుకునేవాళ్ళు. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. కంచికచర్ల అరుగు దగ్గరికి రాగానే కథ ఆపేసేదాన్ని. ఈరోజే మొదటిసారి చివరిదాకా చెప్పడం. పళ్ళెం పట్టుకుని వరండాలోకి నడిచిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నాకు కోపం రాదు, ఎదురెళ్ళి పళ్ళెం అందుకుని కాసిని వేడినీళ్ళు పొయ్యాలనిపిస్తుంది.

ఇది చదివినవాళ్ళు నాతో కలిసి ఒక్కసారి తల వంచండి. ఆ పెద్దాయన్ను క్షమించానని నేను దేవుడితో చాలాసార్లు చెప్పాను. దేవుడు నమ్మినట్టు లేదు, నేనూ నమ్మలేదు. చనిపోయినవాళ్ళ మీద కోపం మోసే ఓపిక ఇక నాకు లేదు. లోపల మనుషుల్ని అల్లే ఆ దేవుడు నా లోపలా ఇంకొంచెం పని మిగిలుందని గుర్తుచేసుకుని, ఆ ముడి ఒక్కటీ విప్పేలా నాకోసం ప్రార్థించండి. ఆమేన్.